నలభై మానికల పెట్టె

పోయిన వారం జగ్గయ్యపేట నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. పాత గోడౌను పడగొట్టి కొత్తది కట్టిస్తున్నాడు. సామానంతా బయటికి తీయిస్తుంటే, వెనకగోడ వారన ఖాళీ గోనెసంచుల కింద నా పెట్టె కనబడిందట. "అక్కా, దీన్ని కదపడానికి ముగ్గురు కావాల్సొచ్చింది. ఉంచమంటావా, తీసెయ్యమంటావా?" అని అడిగాడు. తీసెయ్యమంటే నిజంగానే తీసేసే రకం వాడు. "నేను వచ్చేదాకా దాని మీద ఎవరి చెయ్యయినా పడిందంటే ఊరుకునేది లేదు" అని ఫోన్ పెట్టేసి, మర్నాడు పొద్దున్నే నందిగామలో బస్సెక్కాను. డిగ్రీ చదివిన మూడేళ్ళూ పేట నుంచి నందిగామకి రోజూ తిరిగిన దారే అది. ఆ తరవాత నందిగామలోనే జూనియర్ కాలేజీ పిల్లలకి ఫిజిక్సు పాఠాలు చెప్పి, అక్కడే రిటైరయ్యాను. చిల్లకల్లు దగ్గర లారీలు అడ్డంపడి బస్సు కాసేపు ఆగితే, డ్రైవర్ని తిట్టాలన్నంత తొందర పుట్టింది నాకు.

పెట్టెని పెరట్లో ఎండలో పెట్టించాడు తమ్ముడు. ముందువైపు నేను బిగించిన నల్లగుడ్డని ఎలుకలు ఎప్పుడో కొరికేశాయి. స్పీకరు అట్ట చివికి రాలిపోయింది. చెక్క మాత్రం అలాగే ఉంది. కుడిపక్కన తెల్లరంగుతో వేసిన ఏడో అంకె, వెనకవైపు తలకిందులుగా నాలుగో అంకె, అన్నీ కనబడుతున్నాయి. కొంగుతో దుమ్ము తుడిచి, నాలుగు మూలల అతుకులూ గోటితో తడుముకుంటూ వచ్చాను. ఒక్కచోట కూడా గోరు దిగలేదు. "చూశావురా?" అన్నాను. "ఏం చూడాలక్కా?" అన్నాడు వాడు. గొప్పలు చెప్పుకోవడం నాకు ఇష్టం ఉండదని ఎవరైనా అంటే మీరు నమ్మకండి. ఎంతోమంది పిల్లలకి పాఠాలు చెప్పాను, ఇల్లు కట్టించాను, ఇద్దరు కూతుళ్ళని పెంచాను. వాటిలో వేటిని చూసినా నాకు ఇంత పొగరు రాదు.

లోతైన శబ్దాలు పలికే ఇలాంటి స్పీకరు పెట్టెని సబ్‌ఊఫర్ అంటారని అప్పట్లో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాన్న బేసు పెట్టె అనేవాడు. నాయనమ్మ భోషాణం అనేది. మా ఇల్లు పేటలో పెద్దబజారులో ఉండేది, ముందు పప్పుల కొట్టు, వెనక కాపురం. కందిపప్పు, పెసలు, మినుములు, ధనియాలు, కొత్తపంట వచ్చే రోజుల్లో మిరపకాయల బస్తాలు. ఆ నెలల్లో ఇంటికి వచ్చిన చుట్టం గుమ్మంలోనే రెండు తుమ్ములు తుమ్మి లోపలికి వచ్చేవాడు, మాకు మాత్రం ఆ ఘాటు తెలిసేదే కాదు. కొట్టుకి చెక్కతలుపులు ఉండేవి. మొత్తం పన్నెండు చెక్కలు, ఒక్కోదాని మీద అంకె. పొద్దున తాతయ్య వాటిని గాడిలోంచి ఒక్కొక్కటే జరిపి, వరస తప్పకుండా గోడకి ఆనించేవాడు. రాత్రి మూసేటప్పుడు అదే వరసలో పెట్టేవాడు. ఆ చెక్కల చప్పుడుతోనే మాకు తెల్లారేది.

పగలంతా పప్పుల మధ్య కూర్చునే తాతయ్య, శనివారం సాయంత్రం మాత్రం మరో మనిషి అయిపోయేవాడు. స్నానం చేసి, తెల్లపంచె కట్టి, దేవుడి గదిలోంచి మృదంగం తెచ్చుకుని వసారాలో కూర్చునేవాడు. అప్పటికి నాయనమ్మ పిడికెడు ఉప్మారవ్వ నీళ్ళతో తడిపి, ముద్ద చేసి, తమలపాకులో పెట్టి సిద్ధంగా ఉంచేది. ఆయన ఆ ముద్దని మృదంగం ఎడమవైపు తోలు మధ్యలో అద్ది, అరచేత్తో ఒక్కటి చరిచి, తల వంచి వినేవాడు. గంభీరం చాలకపోతే "ఇంకొంచెం" అనేవాడు. ఎక్కువైతే గోటితో గీకేవాడు. వాళ్ళిద్దరూ వారం మొత్తంలో మాట్లాడుకున్న మాటల్లో సగం ఆ రవ్వ గురించే అయివుంటాయి. భజనలో నాయనమ్మే ముందు పాడేది, మిగతా వాళ్ళు అందుకునేవాళ్ళు. ఆమె చదువు రెండో తరగతితో సరి. కానీ ఎన్ని కీర్తనలు నోటికి వచ్చో ఆమెకే తెలియదు. పుస్తకం చూసి పాడేవాళ్ళని చూస్తే ఆమెకి చిన్నచూపు.

అలాంటి మనిషి ఒక శ్రీరామనవమి పందిట్లో, బజారు బజారంతా కూర్చుని వింటుండగా, మైకు ముందు మూడో చరణం మర్చిపోయింది. నేను అక్కడే ఉన్నాను. నాయనమ్మ నోరు తెరిచి అలా ఉండిపోయింది. వెనక కూర్చున్న తాతయ్య కుడిచెయ్యి ఆగిపోయింది. హార్మోనియం ఆగింది, తాళాలు ఆగాయి. కాసేపటికి ఆమెకి మాట అందింది, మిగిలింది పాడేసింది, అందరూ మామూలుగానే హారతి కళ్ళకద్దుకున్నారు. అలాంటిది జరిగిందన్న సంగతే జనం మర్చిపోయారు. నాయనమ్మ మాత్రం ఆ రోజు నుంచి పాడటం మానేసింది. శనివారం వస్తే రవ్వ తడిపి ఇచ్చేది, తను వంటింట్లో కూర్చునేది. ఎందుకు మానేశావని తాతయ్య అడగలేదు. ఆమె చెప్పలేదు. ఏడు నెలలు అలాగే గడిచాయి, కార్తీకమాసంలో తాతయ్య రెండు రోజుల జ్వరంతో పోయాడు.

ఆయన పోయాకే ఆమె మనసులో మాట బయటికి వచ్చింది. నందిగామలో మైకు సెట్టు కొట్టు నడిపే రంగారావు గారు తాతయ్యకి ప్రాణస్నేహితుడు. ఆ నవమి భజన అంతా ఆయనే మంచి మిషను పెట్టి క్యాసెట్టులో పట్టాడు. పెద్దకర్మ అయిన తరవాత ఆ క్యాసెట్టు తెచ్చి నాయనమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"మర్చిపోయింది నేనే, తప్పు నాదే అనుకోండి రంగారావు గారూ. కానీ ఆయన చెయ్యి తీసేశాడు. నేను తడబడితే పట్టుకోవాల్సింది పోయి, నలుగురి మధ్యలో నన్ను ఒంటరిగా నిలబెట్టేశాడు" అంది.

"అయ్యో, అదేం మాట వదినగారూ! అన్నగారు చెయ్యి తియ్యలేదండీ. కుడిచెయ్యి ఆపాడు గానీ ఎడమచేత్తో తాళం పట్టుకునే ఉన్నాడు. పక్కనే కూర్చుని ఈ చెవులతో విన్నా."

"నాకెందుకు వినపడలేదు?"

"ఆ కంగారులో మీకేం వినపడుద్దండీ?"

క్యాసెట్టు పెట్టి చూశాం. మా ఇంట్లో ఉన్నది అరచెయ్యంత స్పీకరున్న చిన్న టేప్‌రికార్డరు. అందులో తాతయ్య కుడిచెయ్యి టకటకా వినిపించింది, ఎడమచెయ్యి పాట మొత్తంలో ఎక్కడా వినిపించలేదు. మూడో చరణం దగ్గర ఎవరిదో దగ్గు, ఎక్కడో చంటిపిల్ల ఏడుపు, అంతే. "విన్నారుగా" అని నాయనమ్మ లేచి వెళ్ళిపోయింది. స్నేహితుణ్ణి వెనకేసుకొస్తున్నాడని ఆమె అనుకుంది. పాపం రంగారావు గారు తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగి, "నేను అబద్ధం ఆడలేదమ్మా" అని నాతో అని వెళ్ళాడు.

నేనప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. చిన్న స్పీకరు లోతు శబ్దాన్ని పలకలేదని క్లాసులో చదువుకున్న పాఠం నాకు వారం తరవాత బస్సులో గుర్తొచ్చింది. పాట మొత్తంలో ఎడమచెయ్యి వినపడకపోతే, ఆ ఒక్కచోట అది లేదనడానికి సాక్ష్యం ఏముంది? పెద్ద స్పీకరుండి, దానికి తగిన పెట్టె ఉంటే, టేపులో ఉన్నదేదో తేలిపోతుంది. ఆ రోజు కొట్టులో బేరం లేనప్పుడు నాన్నతో ఈ మాట చెప్పాను. ఆయన కందిపప్పులో చెయ్యి పెట్టి కెలికాడు.

"ఒకవేళ నిజంగానే అక్కడేం లేకపోతే ఏంటమ్మా? ఇప్పుడు ఆవిడకి ఉన్నది అనుమానం. రేపు అది నిజమైపోద్ది. ఈ వయసులో ఆ బరువు మొయ్యగలదా?"

"ఉంటే నాన్నా?"

 సాయంత్రం ఆయన నన్ను గోడౌనులోకి తీసుకెళ్ళి, మూలనున్న పాత తలుపుచెక్కలు చూపించాడు. తాతయ్య పోయాక కొట్టుకి రోలింగ్ షట్టరు పెట్టించాం, ఆ పన్నెండు చెక్కలూ అక్కడ పడి ఉన్నాయి. అంగుళంన్నర మందం, మంచి టేకు. "ఇవి పనికొస్తాయేమో చూసుకో" అన్నాడు. రంగారావు గారు తన కొట్టులోంచి పన్నెండంగుళాల స్పీకరు, ఒక ఆంప్లిఫయరు ఇచ్చాడు. స్పీకరుతో పాటు వచ్చిన కాగితం మడత కూడా వెతికి ఇచ్చాడు. దానిలో ఉన్నది ఇంతే: పెట్టె లోపల అరవై లీటర్ల ఖాళీ ఉండాలి, గాలి ఎక్కడా కారకూడదు, ముందువైపు గాలి ఆడటానికి ఇంత పొడుగు గొట్టం ఒకటి ఉండాలి.

చెక్కపని నేర్పే గురువు కోసం దూరం పోనక్కరలేకపోయింది. మా కొట్టు తలుపులకి గాడులు తీసిన కోటాచారి గారు, ఊరి బయట చిల్లకల్లు రోడ్డు మీద లారీ బాడీలు కట్టేవాడు. వేసవి సెలవులు మొదలైన మర్నాడే చెక్కలు బండి మీద వేయించుకుని ఆయన షెడ్డుకి వెళ్ళాను. నేనే కోస్తాను, మీరు చెప్పండి చాలు అన్నాను. గాలి చొరకూడదని చెప్పేసరికి ఆయన రంపం కింద పెట్టేశాడు. "లారీ బాడీ కడతా గానీ పడవ కట్టలేదమ్మాయ్ నేనెప్పుడూ. గాలి కూడా పోని పెట్టెలో ఏం దాస్తావేంటి?" అన్నాడు. శబ్దం అన్నాను. ఆయన తన దగ్గర పనిచేసేవాళ్ళ వంక చూసి, నా వంక చూసి, "సరే, కొయ్యి" అన్నాడు.

మొదటి చెక్క నేను కోసిన తీరు ఇప్పటికీ నాకు గుర్తే. గీత ఒకవైపు, రంపం ఒకవైపు. కోటాచారి గారు నన్ను తిట్టలేదు, ముక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "గీత మీద కాదు, గీత పక్కన కొయ్యాలి. గీత చెక్క మీదే ఉండిపోవాలి" అన్నాడు. నాలుగో చెక్కకి నాకు చెయ్యి తిరిగింది. అరచేతుల్లో బొబ్బలు లేచాయి. ఇంటికొస్తే నాయనమ్మ వెన్న రాస్తూ, "నాకు తెలిసిన సంగతి తెలుసుకోవడానికి ఇంత ఎండన పడి తిరుగుతున్నావేంటే?" అంది. అని మళ్ళీ పొద్దున నా మజ్జిగ చెంబుకి తడిగుడ్డ చుట్టి ఇచ్చేది తనే. చెక్కల లోపలివైపు పాత జిడ్డు, పురుగు తిన్న గీతలు ఉన్నాయని కోటాచారి గారు చిత్రిక పట్టి నున్నగా చేశాడు. బయటివైపు అంకెలు మాత్రం చెరపొద్దని నేను పట్టుబట్టాను. మేకు కొట్టి, దానికి పురికొస కట్టి, కొసకి పెన్సిలు కట్టి స్పీకరు కోసం గుండ్రం గీశాను. ఆ గుండ్రం కొయ్యడానికి నాకు రెండు రోజులు పట్టింది. అతుకులకి జిగురు, మరలు, వాటి మీద లప్పం. ఆరాక అగరవత్తి వెలిగించి అతుకుల వెంబడి తిప్పి, పొగ ఎక్కడ వణికితే అక్కడ మళ్ళీ లప్పం. షెడ్డులో పనిచేసేవాళ్ళు మధ్యాహ్నం భోజనాల వేళ నా చుట్టూ చేరి చూసేవాళ్ళు. ఏదో పూజ అనుకుని ఒకాయన చెప్పులు కూడా విప్పాడు.

పెట్టె ఇంటికి వచ్చాక లోపలి ఖాళీ నిజంగా అరవై లీటర్లు ఉందో లేదో చూడాలనిపించింది. బయటి పొడుగు, వెడల్పు, ఎత్తుల్లోంచి చెక్క మందం తీసేసి గుణిస్తే లెక్క సరిపోయింది గానీ, లోపల మూలకర్రలు, అడ్డకర్రలు ఉన్నాయి, వాటిని ఎలా తీసెయ్యాలో నాకు నమ్మకంగా తేలలేదు. "దానికి లెక్కలెందుకమ్మా, కొలిచేద్దాం" అన్నాడు నాన్న. పప్పుల కొట్టువాళ్ళకి అంతకంటే తేలికైన పని ఏముంటుంది? పప్పులు కొలిచే మా పాత ఇత్తడి మానికని, సెలవులైనా తెరిచి ఉన్న కాలేజీ లాబుకి పట్టుకెళ్ళి అంచు దాకా నీళ్ళు పోసి చూశాను, సరిగ్గా లీటరున్నర. అంటే నలభై మానికలు పట్టాలి. పెట్టెని వెల్లకిలా పడుకోబెట్టి, స్పీకరు కన్నంలోంచి పెసలు పోయడం మొదలుపెట్టాం. నాన్న కొలతలో ఒకటి అనడు, లాభం అంటాడు. లాభం, రెండు, మూడు అనుకుంటూ పోస్తుంటే నేను లోపల చెయ్యి పెట్టి మూలల్లోకి సర్దుతూ వచ్చాను. నలభయ్యో మానికకి పెసలు కన్నం అంచుకి వచ్చి ఆగాయి. నాన్న, నేను ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. మొదటిసారి చేసినదాన్ని, ఒక్క మానిక కూడా తేడా రాకుండా చేశాను! ఆ రోజు నా నడకే మారిపోయింది.

ఆ పొగరు మర్నాటి దాకానే. పెసలు ఒంపేసి, స్పీకరు బిగించి, క్యాసెట్టు పెట్టాం. ముందు లోపల ఎక్కడో చిక్కుకున్న పెసలు గలగలలాడాయి. ఆ తరవాత వచ్చిన శబ్దం ఉంది చూశారూ, ఒక దెబ్బ మీద ఇంకో దెబ్బ పడి, అన్నీ కలిసిపోయి బుమ్మని ఒకటే రొద. మూడో చరణం వచ్చింది. అక్కడా ఆ రొద సాగింది. అది తాతయ్య చెయ్యో, ముందు దెబ్బ తాలూకు మోతో, కరెంటు హోరో దేవుడికి కూడా తెలియదు. నాయనమ్మ గడపలో నిలబడి వింది. "ఇది చెయ్యి కాదే అమ్మాయ్, పిండిమర" అని లోపలికి పోయింది. ఆ మాటలో ఎగతాళి లేదు. ఆమె కూడా కాస్త ఆశ పెట్టుకుందని నాకు అప్పుడే తెలిసింది. వంటింట్లో ఆమె గిన్నెలు సర్దుతున్న చప్పుడు వింటూ నేను పెట్టె పక్కన కూలబడి ఏడ్చాను.

ఇలాంటి పెట్టెలో లోపలి గాలి, గొట్టంలో గాలి, స్పీకరు మూడూ పొందికగా ఆడాలి. పెట్టె కొలత తప్పితే ఆ పొందిక చెడుతుంది, స్పీకరు అదుపు తప్పి ఊగుతుంది. ఇక్కడ జరిగింది అదేనని నా చదువు చెబుతోంది. కానీ నలభై మానికలు పట్టిందిగా! పెసలన్నీ మళ్ళీ కొలుద్దాం రమ్మన్నాను నాన్నని. ఈసారి లోపల సర్దడం మానేసి, నేను ఆయన చేతిని చూస్తూ కూర్చున్నాను. లాభం, అన్నాడు నాన్న. మానిక మీద పెసలు గోపురంలా నిలబడి ఉన్నాయి.

"నాన్నా, అంత రాశిగా పోస్తున్నావేంటి?"

"మరెలా పొయ్యాలి?"

"అంచుకి సమంగా. తల కొట్టి."

నాన్న మానిక కింద పెట్టాడు. "మన కొట్లో తల కొట్టి కొలిచిందెప్పుడమ్మా? మీ తాత నాకు నేర్పింది ఒకటే కొలత. గింజ నిలిచినంత పొయ్యి, జారింది నీది, నిలిచింది వాళ్ళది అన్నాడు. అప్పట్నుంచీ నా చెయ్యి ఇలాగే పోతుంది. నువ్వు తల కొట్టమని చెప్పలేదుగా మరి!"

మా మానిక మూతి వెడల్పు. దాని మీద గోపురమంటే తక్కువేం కాదు. నలభై గోపురాలు కలిపితే ఐదు మానికలు తేలాయి. అంటే పెట్టె లోపల ఏడెనిమిది లీటర్లు ఎక్కువ ఉంది. అదెలా వచ్చిందని చూస్తే ఆ తప్పు నాది. చెక్కల మందం చిత్రిక పట్టకముందు కొలిచి లెక్క వేసుకున్నాను. లోపలివైపు అంత చెక్క పోయాక లోపల ఖాళీ పెరగదూ? నా తప్పుని మా కొట్టు మర్యాద వెళ్ళి చక్కగా కప్పేసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు గానీ, ఇద్దరం నవ్వాం. తాతయ్య ఉండి ఉంటే అందరికంటే గట్టిగా ఆయనే నవ్వేవాడు.

మిగిలిపోయిన చెక్కముక్కలు కోటాచారి గారి దగ్గర నుంచి తెచ్చి, పెట్టె లోపల అడుగున ఒక్కొక్కటే జిగురు పెట్టి బిగిస్తూ పోయాను. తమ్ముడికి ముగ్గురు మనుషులు ఎందుకు కావాల్సొచ్చారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. మళ్ళీ పెసలు తెచ్చాం. ఈసారి నా చెక్కస్కేలు నాన్న చేతికిచ్చాను. మొదటి మానిక మీద స్కేలు పెట్టి ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు. "కొనేవాళ్ళెవరూ లేరుగా" అని తనకి తనే చెప్పుకుని, కళ్ళు చికిలించి తల కొట్టాడు. ఆ నలభై మానికలు కొలవడానికి ఆయన పడిన అవస్థ అంతా ఇంతా కాదు. చెయ్యి దానంతటది రాశి పోసేది, ఆయన దాన్ని మళ్ళీ దించేవాడు. నలభయ్యోది పోశాక పెసలు అంచుకి సమంగా నిలిచాయి. ఒంపేశాక పెట్టెని బోర్లించి, కొట్టి, ఊపి, ఒక్క గింజ కూడా లోపల మోగడం లేదని తేలాకే స్పీకరు బిగించాను.

ఇప్పుడైతే ఈ పనికి ఇంతసేపు పట్టదు. మా చిన్నకూతురికి ఆ క్యాసెట్టు ఇస్తే కంప్యూటర్లో పెట్టి, ఎడమచెయ్యి ఒక్కదాన్నీ విడదీసి ఐదు నిమిషాల్లో చేతిలో పెడుతుంది. పెడితే మంచిదే. పాతకాలమంతా బంగారమని నేననను, ఆ వేసవిలో నా చేతులకి లేచిన బొబ్బలు నాకు తెలుసు. కానీ ఇప్పుడు పరిటాల నుంచి పేట దాకా ఏ ఊళ్ళో పెళ్ళి ఊరేగింపు బయల్దేరినా, బండెడు డీజే పెట్టెలు ముందు నడుస్తాయి, కిటికీ అద్దాలు వణుకుతాయి, గుండె అదురుతుంది. ఇంత బేసు ఉండి కూడా అందులో ఎవరి చెయ్యీ నాకు వినపడదు. అదీగాక, ఐదు నిమిషాల్లో తేలిపోయి ఉంటే మానిక మీద గోపురాన్ని నేను చూసేదాన్నే కాదు. మా తాతయ్య ఎలాంటి వ్యాపారో నాకు ఎవరూ చెప్పలేదు, ఆ పెట్టె కొలుస్తుంటే తెలిసింది. ఈ పెట్టెని నందిగామ తెచ్చుకుంటున్నాను. హాల్లో ఎక్కడ పెడతావని మావారు అడుగుతున్నారు. ముందు రానివ్వండి అంటున్నాను.

రెండోసారి స్పీకరు బిగించిన ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక నాయనమ్మ మధ్యగదిలో గోడకి ఆనుకుని చేటలో బియ్యం ఏరుతోంది. నాన్న కొట్టు షట్టరు సగం దించి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన మొహంలో భయం కనిపిస్తోంది. నేను క్యాసెట్టు చేతిలోకి తీసుకున్నాను. అక్కడ ఏమీ లేకపోతే, ఆ సంగతి రుజువు చేసినదాన్ని నేనే అవుతాను. నాయనమ్మ నన్ను చూడకుండానే, "పెట్టు, ఎటూ పెట్టేదానివేగా" అంది.

మొదటి చరణంలోనే తాతయ్య ఎడమచెయ్యి వినిపించింది. ఒక్కో దెబ్బ విడిగా, గుండ్రంగా, రవ్వ అద్దిన తోలు మీద అరచెయ్యి పడ్డట్టే. చేటలో నాయనమ్మ వేళ్ళు ఆగాయి. రెండో చరణం అయింది. మూడోది ఎత్తుకుంది ఆమె గొంతు, నడిమధ్యలో తెగిపోయింది. కుడిచెయ్యి ఆగింది, తాళాలు ఆగాయి, దగ్గు వినిపించింది. ఆ దగ్గు అడుగున, మెల్లగా, ఏ తొందరా లేకుండా, ఎడమచెయ్యి పడుతూనే ఉంది. ఒక దెబ్బ, వ్యవధి, మళ్ళీ దెబ్బ. ఆమె మాట కోసం వెతుక్కున్నంతసేపూ అది కదలకుండా అక్కడే ఉంది. ఆమె గొంతు తిరిగి అందుకున్నాక కుడిచెయ్యి వచ్చి కలిసింది.

 నాయనమ్మ, "మళ్ళీ పెట్టు" అంది. రెండోసారి, తాళం ఎన్నిసార్లు తిరిగిందో వేళ్ళు మడుచుకుంటూ వింది.

"నాలుగు ఆవర్తాలు" అంది. "నాలుగు ఆవర్తాలు పట్టుకుని కూర్చున్నాడే నా కోసం. ఏడు నెలలు ఆ మనిషి ముందు నేను నోరు విప్పలేదు. ఒక్కసారి అడిగుంటే చెప్పేవాడు కదే." కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్ళబోతే చేత్తో ఆపింది. ముక్కు తుడుచుకుని, చేట పక్కకి జరిపి, వీపు గోడకి ఆనకుండా నిటారుగా కూర్చుంది.

"ఇంకోసారి పెట్టు."

పెట్టాను. మూడో చరణంలో టేపులో ఆమె గొంతు తెగింది, తాతయ్య కుడిచెయ్యి ఆగింది. నాయనమ్మ కళ్ళు మూసుకుని, ఆ ఎడమచెయ్యి మీద ఆ చరణాన్ని ఎత్తుకుంది. ఒక్క మాట తప్పకుండా చివరిదాకా పాడింది.